గచ్చు ఆరే రోజులకూ కూలి కావాలి

(పురాతన కట్టడాల మరమ్మతు పనులు చేసే తాపీ మేస్త్రీలు, సహాయ కార్మికుల శిక్షణ తరగతిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



2019 మే 1వ తేదీ రాత్రి హైదరాబాదులో చార్మినారు నుండి గచ్చు నగిషీ ముక్క ఒకటి ఊడి కింద పడినది. మక్కా మసీదు వైపున ఉన్న మినారు అది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆనాటి ఉదయమే మనమంతా మేడే పతాకం ఎగురవేసి, సభలు జరుపుకొని ఇళ్లకు చేరి ఉన్నాము. 2025 ఏప్రిల్ 3న పెద్ద వాన కురిసినప్పుడు అదే కట్టడం నుండి మరల ఒక ముక్క రాలినది. రెండు సందర్భాలలోనూ పత్రికలు వ్రాసినవి, అధికారులు వచ్చి చూసినారు. వాన నీరు కారణమా, బండ్ల అదురు కారణమా అని చర్చ జరిగినది. అడుగవలసిన ప్రశ్నలే. కాని ఊడిన నగిషీని తిరిగి చేయవలసినవారు ఎవరు, వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, వారికి కూలి ఏ లెక్కన ఇస్తున్నారు అని ఎవరూ అడిగినట్లు మా కంటబడలేదు. నేడు ఆ విషయమే మాట్లాడుకుందాము.

మొదట పని సంగతి చూద్దాము. పెద్ద మేస్త్రీలకు ఇది తెలిసినదే. క్రొత్తగా పనిలో చేరిన యువకుల కొరకు చెబుతున్నాము.

సిమెంటు రాకమునుపు మన దేశంలో కప్పు, పూత, నగిషీ మూడూ సున్నంతోనే జరిగినవి. సున్నంలో ఇటుక ముక్కలు కలిపి పరచి దిమ్మిసతో కొడితే అది కప్పు. ఇసుకనో సుర్ఖీనో కలిపి గానుగలో రుబ్బితే డంగు సున్నం. దానినే మెత్తగా నూరి, జిగురు చేర్చి, తాపీతోనూ వేళ్లతోనూ మలిస్తే పువ్వు, ఆకు, తీగె, గొలుసు. ఆనాటి కాంక్రీటు గచ్చే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో లేచిన చార్మినారు రాతితో, సున్నంతో కట్టినది. సుమారు 56 మీటర్ల ఎత్తున్న ఆ మినార్ల మీది పూలు, పట్టీలు రాతిలో చెక్కినవి కావు, గచ్చుతో మలచినవి.

ఈ సున్నం స్వభావం ఏమిటి? నూరు కిలోల మేలైన సున్నపురాయిని బట్టీలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి దాదాపు యాభై ఆరు కిలోలే మిగులుతుంది. దానిని నీటిలో చల్లార్చి, గుంటలో నానబెట్టి, మెత్తబడిన తరువాత వాడుతాము. గోడపైకి ఎక్కిన సున్నం గాలిలోని అదే వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి రాయి అవుతుంది. తొందరపెడితే కాదు. పొర పలుచగా ఉండాలి. ఒక పొర గట్టిపడిన తరువాతనే మరొక పొర వేయాలి. ఎండకు గబుక్కున ఆరిపోతే పగులుతుంది గనుక తడి గోనె కప్పి, పూటపూటకు నీరు చల్లాలి. వానకు తడిస్తే కొట్టుకుపోతుంది గనుక పైన పందిరి వేయాలి. బెల్లం నీరు, కరక్కాయ నానిన నీరు, మినప జిగురు, మారేడు గుజ్జు, కోడిగుడ్డు తెల్లసొన మొదలైనవి ఏ ప్రాంతంలో ఏవి దొరికితే అవి కలిపే ఆచారం ఉన్నది. చెట్టినాడు మేస్త్రీది ఒక పద్ధతి, రాజస్థానంలో అరాయిష్ పని చేసేవారిది ఒక పద్ధతి, మనది ఒక పద్ధతి. కాని నానడానికి, ఆరడానికి వ్యవధి కావాలన్న నియమం మాత్రం అందరికీ ఒక్కటే.

1824లో చార్మినారుకు లక్ష రూపాయల ఖర్చుతో పూత పని జరిగినదని చరిత్ర గ్రంథాలు చెబుతున్నవి. సరిగ్గా ఆ సంవత్సరమే ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు పొందినాడు. తరువాత వంద, నూటయాభై సంవత్సరాలలో ఆ సిమెంటు మన పాత కట్టడాలన్నింటి మీదికీ ఎక్కినది. సిమెంటు చెడ్డదని మేము చెప్పము. ఆనకట్టలు, వంతెనలు, మన పిల్లలు చదివే బడులు దానితోనే నిలిచి ఉన్నవి. కాని సున్నపు గోడ మీద సిమెంటు అతుకు వేయడం వేరు. సున్నపు గోడ తడిని పీల్చుతుంది, వదులుతుంది. సిమెంటు అతుకు ఆ దారిని మూసివేస్తుంది. లోపల చిక్కిన తడి, దానితోపాటు ఉప్పు, అతుకు అంచులలో నుండి బయటికి వచ్చే ప్రయత్నంలో మెత్తటి సున్నాన్ని పొడి చేస్తుంది. అతుకు గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న పాత నగిషీ పోతుంది. లోపల ఇనుప మేకులు, తీగెలు పెట్టి ఉంటే అవి తుప్పు పట్టి ఉబ్బి నగిషీని వెలుపలికి నెట్టుతవి. పైకి ఏమీ కనిపించదు. చెక్క సుత్తితో మెల్లగా తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని గుర్తుపట్టే చెవి మేస్త్రీకి ఏండ్ల తరబడి పని చేస్తేనే వస్తుంది.

ఈ తప్పును దిద్దడానికి ఎంత శ్రమ కావాలో ఢిల్లీలోని హుమాయూన్ సమాధి చూపినది. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కలిసి 2007 నుండి 2013 వరకు అక్కడ జరిపిన పునరుద్ధరణలో, అంతకుముందటి మరమ్మతులలో కప్పు మీద పరచిన కాంక్రీటును పది లక్షల కిలోలకు పైగా చేతి పనిముట్లతోనే తొలగించవలసి వచ్చినది. యంత్రం పెడితే గుమ్మటం అదురుతుంది. ఆ పునరుద్ధరణకు మేస్త్రీలవి రెండు లక్షల పనిదినాలు పట్టినవి. హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల వద్ద 2013లో మొదలై 2024లో ముగిసిన పనిలోనూ పాత సిమెంటు పూతను తీసి మరల సున్నపు పూత వేసినారు. అంటే ఒకనాడు నాలుగు రోజులు మిగిలినవనుకొని వేసిన అతుకును తీయడానికి ఏండ్లు పట్టినవి.

మరి ఆ అతుకు ఎందుకు వేస్తారు? మేస్త్రీకి పని రాకనా? ఈ ప్రశ్నకు సమాధానంగా మాకు స్వయంగా తెలిసిన ఒక ఉదంతం చెబుతాము. ఊరి పేరు, కాంట్రాక్టరు పేరు ఇక్కడ అనవసరం.

ఒక పాత భవనానికి పిట్టగోడ కింద పొడవునా పూల పట్టీ ఉండేది. సగం పట్టీ రాలిపోయినది. మరమ్మతు టెండరు అందరికన్నా తక్కువ ధర చెప్పిన కాంట్రాక్టరుకు దక్కినది. పని మార్చి నెలాఖరులోగా ముగియాలని షరతు. పాలమూరు వైపు నుండి ఒక పెద్ద మేస్త్రి పదకొండు మంది బృందంతో వచ్చినాడు. అందులో అయిదుగురు స్త్రీలు. సున్నం కనీసం నెల రోజులు నానాలన్నాడు మేస్త్రి. కాంట్రాక్టరు వారం ఇచ్చినాడు. పట్టీ పొరలు పొరలుగా వేయడం ప్రారంభమైన తరువాత, ఒక పొర ఆరే రోజులలో బృందం ఉదయం వచ్చి గంటో గంటన్నరో గోనెలు తడిపేది, సాయంత్రం మరల వచ్చి తడిపేది. ఆ రోజులకు మస్టరులో సగం పూట వ్రాసినారు. కొన్ని రోజులు అసలు వ్రాయలేదు. "గోడ ఆరుతుంటే మీరేమి చేసినారని కూలి?" అని అడిగినారు. మధ్యలో వేరే పనికి పోదామంటే తడిపే దిక్కు ఉండదు, పోకపోతే పస్తు. చివరకు సున్నంలో సిమెంటు కలిపి నాలుగు రోజులలో ముగించమని ఆజ్ఞ వచ్చినది. ఆ మాట కాగితం మీద వ్రాసి ఇమ్మన్నాడు మేస్త్రి. మరునాటి నుండి అతనికి పని లేదన్నారు. అయిదు వారాల కూలి బాకీ నిలిచిపోయినది.

అప్పుడు వారు మా వద్దకు వచ్చినారు. మేము కార్మిక శాఖకు అర్జీ పెట్టించి, తిరిగి తిరిగి, బాకీ కూలి చాలవరకు ఇప్పించినాము. విజయమనుకున్నాము. రెండు వానాకాలాలు గడిచిన తరువాత కొత్త పట్టీ గుల్లలుగా ఊడినది, దాని పక్కనున్న పాత పట్టీని కూడా లాగుకొని పడినది. కాంట్రాక్టరు ఏమన్నాడు? పాత మేస్త్రి చేసిన నాసి పని అన్నాడు. ఆ సంవత్సరం మేము దాచిన మస్టరు నకలు అక్కరకు వచ్చినది. ఆ భాగం పూర్తి కాకముందే మేస్త్రిని తొలగించినట్లు తేదీలతో రుజువైనది. ఊడిన ముక్కలలో సిమెంటు ఉన్నట్లు ఇంజనీర్లు కూడా ఒప్పుకొన్నారు. నింద తొలగిపోయినది.

అధికారులు ఆ మేస్త్రినే మరల పిలువమన్నారు. మేమే వెదుక్కుంటూ పోయినాము. బెంగుళూరులో పెద్ద పెద్ద భవనాలలో టైల్సు వేస్తున్నాడు. కొడుకు కూడా అదే పనిలో ఉన్నాడు. "అయ్యా, టైలు వేసిన రోజే కూలి చేతికి వస్తుంది. సున్నం నానుతుంటే మా కడుపు నానదు కదా" అన్నాడు. తిరిగి రానన్నాడు. అతనిని తప్పుపట్టే హక్కు మాకు లేదు. అతని బృందంలో సున్నం నూరిన స్త్రీలు ఎక్కడ ఉన్నారో నేటికీ తెలియలేదు. ఆ పూల పట్టీ కొలతలు అతని చేతిలో ఉండేవి. ఏ కాగితం మీదా లేవు.

ఇక్కడ మా సొంత తప్పును కూడా ఒప్పుకోవాలి. ఆనాడు మేము కాంట్రాక్టరుతో కూలి బాకీ గురించి మాట్లాడినాము. సిమెంటు గురించి మాట్లాడలేదు. అది ఇంజనీర్ల వ్యవహారమని వదిలినాము. ఆరే రోజుల కూలిని బాకీ లెక్కలో ఒక పద్దుగా చేర్చి, రాజీలో అందరికన్నా ముందు దానినే వదులుకున్నాము. అసలు గొడవ అంతా ఆ పద్దులోనే ఉన్నదని తరువాత అర్థమైనది. ఆరే రోజులకు కూలి లేనప్పుడు కార్మికునికీ తొందరే, కాంట్రాక్టరుకూ తొందరే. ఇద్దరి తొందరా గోడ మీద పడుతుంది. ఆరే రోజులు పనిదినాలైతే, సిమెంటు వద్దని చెప్పే మేస్త్రికి నిలబడడానికి చోటు ఉంటుంది.

చట్టం ఏమంటున్నది? 1948 కనీస వేతనాల చట్టం 15వ సెక్షను ఒక సూత్రం చెప్పినది. రోజు మొత్తం పని చేయడానికి కార్మికుడు సిద్ధంగా ఉండి, యజమాని పని చూపనందున తక్కువ గంటలు పని చేసినట్లయితే, అతనికి పూర్తి రోజు వేతనం ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చినవి. ఆ కోడ్‌ల మీద మన అభ్యంతరాలు వేరుగా ఉన్నవి. అయినా ఈ సూత్రం 2019 వేతనాల కోడ్‌లో 10వ సెక్షనుగా నిలిచి ఉన్నది. ఉదయం గోనె తడిపి, సాయంత్రం గోనె తడిపి, నడుమ పరంజా కింద కూర్చున్న కార్మికునికి సగం పూట వ్రాసే అధికారం ఎవరికీ లేదని మనం ఈ సెక్షను పట్టుకొని వాదించాలి. తడపడం కూడా పనే. అది లేకపోతే మిగిలిన పనికి విలువ లేదు.

చట్టంలో మనకు నష్టం కలిగించిన మార్పు కూడా తెలుసుకోవాలి. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ఇరవై మంది ఉన్నచోట వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య యాభైకి పెరిగినది. గచ్చు బృందంలో ఉండేదే పది, పన్నెండు మంది. పనిచోటులో రాతి పనివారిని, కూలీలను అందరినీ కలిపి లెక్కించి ఇదివరకు ఇరవై చూపగలిగినాము. యాభై చూపడం అన్నిచోట్లా సాధ్యం కాదు. అందువలన సంఖ్య మీద ఆధారపడకుండా, పని ఒప్పందంలోనే షరతులు వ్రాయించుకోవడం నేడు మరింత అవసరమైనది.

నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధిని కూడా మరువరాదు. 1996 చట్టం మరమ్మతును, నిర్వహణను కూడా నిర్మాణ పనిగానే నిర్వచించినది. పాత కట్టడం మీద పని చేసేవారు నిర్మాణ కార్మికులు కారని ఎవరైనా అంటే నమ్మకండి. నిధికి సెస్సు రూపంలో 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలు కాగా సుమారు 9,500 కోట్లే కార్మికుల కొరకు ఖర్చయినట్లు 2018 మార్చి 19న సుప్రీంకోర్టు తన తీర్పులో ఎత్తిచూపినది. డబ్బు లేక మన పిల్లలకు విద్యార్థి వేతనం ఆగలేదు. సంవత్సరంలో తొంభై రోజులు పని చేసినట్లు ధ్రువపత్రం కావాలన్నచోట మస్టరులో సగం పూటలు, ఖాళీ గడులు ఉన్న కార్మికుడు ఏమి చూపగలడు? ఆరే రోజులు మస్టరు ఎక్కకపోతే ఆ రోజు కూలితోపాటు సంక్షేమ నిధి హక్కు కూడా పోతుంది.

ఆరోగ్యం గురించి కొన్ని మాటలు చెప్పక తప్పదు. సున్నం చల్లార్చేటప్పుడు నీరు సలసల కాగుతుంది. ఎల్లప్పుడూ నీటిలో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. సున్నపు కుప్ప మీద నీరు కుమ్మరించరాదు. కళ్లద్దాలు లేకుండా గుంట వద్దకు ఎవరినీ పంపరాదు. కంటిలో పడితే వెంటనే మంచినీటితో కనీసం పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకుపోవాలి. గుంట పక్కన శుభ్రమైన నీటి డ్రమ్ము లేకపోతే పని ప్రారంభించమని మేస్త్రీ చెప్పాలి. పాత సిమెంటును చెక్కేటప్పుడు లేచే దుమ్ములో ఇసుక పొడి ఉంటుంది. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ తెస్తుంది. పోయిన ఊపిరి మరల రాదు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఈ వ్యాధిగ్రస్తుల గుర్తింపునకు, పరిహారానికి ఒక విధానం ప్రకటించినది. అటువంటిది లేని రాష్ట్రాలలోనూ దానిని సాధించవలసి ఉన్నది. అందాకా నీరు చల్లి చెక్కడం, తగిన ముసుగు ధరించడం మానరాదు. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే చాలునన్నది భ్రమ.

కనుక, మిత్రులారా, ఇకముందు పురాతన కట్టడాల పని ఎక్కడ జరిగినా మన సంఘాలు ఈ కోర్కెలు పెట్టాలని సమాఖ్య నిర్ణయించినది.

మొదటిది: సున్నం నానే వ్యవధి, ప్రతి పొరా ఆరే వ్యవధి అంచనాలోనే రోజులుగా వ్రాయాలి. ఆ రోజులన్నీ పనిదినాలుగా మస్టరు ఎక్కాలి.

రెండవది: నగిషీ మేస్త్రీని అత్యంత నైపుణ్యం గల కార్మికుడుగా గుర్తించాలి. సున్నం నూరి, పాకం పదును చూసే స్త్రీలను నైపుణ్యం లేనివారి జాబితాలో వ్రాయడం మానాలి. ఆ పదును తప్పితే మేస్త్రి చేతి పని నిలువదు.

మూడవది: ఏ పాకంలో ఏమి కలిపినారో, ఎవరు ఆజ్ఞాపించినారో రోజువారీ పుస్తకంలో వ్రాసి, మేస్త్రీ చేత కూడా సంతకం చేయించాలి. నకలు అతనికి ఇవ్వాలి. పద్ధతికి విరుద్ధమైన ఆజ్ఞను కాగితం మీద అడిగినందుకు ఎవరినీ తొలగించరాదు.

నాలుగవది: ప్రతి పనిచోటా ఇద్దరు యువ కార్మికులను కూలితో సహా నేర్చుకునేవారుగా పెట్టుకోవాలి. ఉచితంగా నేర్పమని పెద్ద మేస్త్రీని, ఉచితంగా నేర్చుకోమని పిల్లవాణ్ణి అడుగరాదు.

అయిదవది: పని ముగిసిన తరువాత పెట్టే శిలాఫలకం మీద మేస్త్రీల పేర్లు, సహాయకుల పేర్లు ఉండాలి. హైదరాబాదు నగర రూపకల్పనతో మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు చరిత్రలో నిలిచినది, సంతోషమే. చార్మినారు మీద మొదటి గచ్చు పువ్వు మలచిన వ్యక్తి పేరు మనకు తెలియదు. ఇకముందైనా అట్లా జరుగరాదు.

ఇందులో మొదటి కోర్కెను ఏ రాజీలోనూ వదులుకోవద్దని సంఘాల కార్యదర్శులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము. మిగిలిన నాలుగూ దాని మీదనే నిలుస్తవి. మేము ఒకసారి వదులుకొని ఏమి పోగొట్టుకున్నామో మీకు చెప్పినాము.

చివరిగా మీ అందరినీ ఒక పని చేయమని కోరుతున్నాము. మీ ఊరికి తిరిగి పోయిన తరువాత, గచ్చు పని తెలిసి మరొక పనికి వెళ్లిపోయిన మేస్త్రీలు, సున్నం నూరడం తెలిసిన స్త్రీలు ఎవరెవరు ఉన్నారో పేరు, ఊరు, వయస్సు వ్రాసి మీ జిల్లా కార్యాలయానికి అందజేయండి. రేపు పనిచోటులో ఆరే రోజులకు కూలి ఇప్పించగలిగిన నాడు వారి ఇంటి తలుపు తట్టి పిలువవలసినవారము మనమే.